కూతవేటు దూరం

పాల డిపో వెనక ఇల్లు,
జూన్ 9

అక్కకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. మంచి కబురే. నాన్న చేసిన పని నాకిచ్చారు. అగ్నిమాపక కేంద్రం వాళ్ళు పిలిచి కాగితం చేతిలో పెట్టారు. ఊళ్ళో ఎవరింట్లో పాము కనబడినా ఇక ఫోను నాకే వస్తుంది. వానపామును చూసి మంచమెక్కిన చిన్నది పాములు పట్టడమేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. నాకూ నవ్వొచ్చింది. కానీ నాన్న పోయే ముందు కొంకి కర్ర నా చేతిలో పెట్టాడు కదా. ఏడాదిగా అది తలుపు మూల ఊరికే నిలబడి ఉంటే ఏదో అప్పగించిన పని ఎగ్గొట్టినట్టుండేది.

ఇప్పటికి ఆరు పట్టాను. నాలుగు జెర్రిపోతులు, ఒక నాగు, ఒక రక్తపింజర. నాగును పట్టిన రోజు ఇంటికొచ్చి గ్లాసెత్తితే సగం నీళ్ళు ఒంటి మీదే పోయాయి. కొంకి వంపు ఎడమచేతికి చేయించింది, నాన్నది ఎడమచేతి వాటం కదా, నాకు అడ్డంగా తగులుతోంది. అయినా మార్చబుద్ధి కాలేదు.

ఈ ఏడు పాములు మరీ ఎక్కువగా కనబడుతున్నాయక్కా. ఊరు పెరిగి బీళ్ళ మీదికి పాకింది. ఏ పెరట్లో చూసినా ఇటుకల కుప్పో, కట్టెల మోపో, వాటి కింద ఎలుకలో. పాములు మన ఇళ్ళలోకి వస్తున్నాయంటారు గానీ వాటి ఇళ్ళ మీద మనమే గోడలు కట్టుకున్నాం.

రెండు సంగతులు అడగాలి. పట్టిన పాము మళ్ళీ దొరికితే తెలియాలని నాన్న దాని పొట్ట మీద గుర్తు పెట్టేవాడు కదా, ఎలా పెట్టేవాడు? పట్టిన పామును ఎక్కడ వదిలేవాడు? ఆయన వెనక తిరిగినదానివి నువ్వు. నేను కిటికీలోంచి చూసినదాన్ని. జనమేమో "ఎంత దూరమైతే అంత దూరం తీసుకుపోయి వదలమ్మా" అంటున్నారు. నాన్న చెప్పిన మాటేదైనా ఉంటే రాయి.

పట్టిన పాములన్నిటినీ కాగితాల మీద రాస్తున్నాను. అవి ఎప్పటికప్పుడు నీకు పంపిస్తే దాచి, రిజిస్టరుగా కుట్టిపెట్టు. నా దగ్గరుంటే మీ మరిది పాల వ్యానులో తడిసి ముద్దయిపోతాయి. నా తిరుగుడంతా అందులోనే.

నీ చెల్లెలు

*

బైండింగు షాపు,
జూన్ 17

చిన్నదానికి,

నీ ఉత్తరం అందింది. సంతోషం. రాయాలి కాబట్టి రాసిందనుకుంటావేమో, అనుకున్నా ఫరవాలేదు.

నీ కబురు నీ ఉత్తరం కంటే ముందే తెలిసింది. పేపర్లో నీ ఫొటో వచ్చింది. మా యజమాని దాన్ని కత్తిరించి, "మీ చెల్లెలేనటగా" అని నా బల్లకెదురుగా గోడకి అంటించాడు. అంటించింది నేను ఉడికించిన మైదాతోనే. ఇప్పుడు పొద్దస్తమానం పుస్తకాలు కుట్టుకుంటూ నీ మొహం చూడాలి. ఫొటోలో కొంకి తిరగేసి పట్టుకున్నావు. ఎవరూ కనిపెట్టరులే, కంగారు పడకు.

పదిహేనేళ్ళకే నేను నాగుల్ని పట్టాను. నాన్న పక్కన నిలబడి డబ్బా మూత తీసిపెట్టేవాడు, అంతే. పదిహేడో ఏట ఒక్క రక్తపింజర దగ్గర తడబడ్డాను. కుడిచేతి వేళ్ళు రెండు ఉన్నాయంటే ఉన్నాయి, వంగవు. ఆ రోజు నుంచి పంతొమ్మిదేళ్ళు నాన్న నన్ను ఆ కర్ర ముట్టుకోనివ్వలేదు. ఆఖరికి కిటికీలోంచి చూసినదానికి ఇచ్చాడు. నేర్చుకున్నది ఒకరు, పట్టా ఇంకొకరికి. నాకేం బాధ లేదు.

గుర్తు సంగతి రాస్తాను. పాము తలను ముందు గొట్టంలోకి ఎక్కనివ్వు, సగం ఒళ్ళు లోపలికి పోయాక గొట్టంతో కలిపి పట్టుకో. తోక మొదలు నుంచి పొట్ట పొలుసులు లెక్కపెట్టుకుంటూ రా. మొదటి పాముకు మొదటి పొలుసు, ఏడో పాముకు ఏడో పొలుసు. అంచు ఒక్కటే చిన్న కత్తెరతో కత్తిరించు. కుడిచేతి వాళ్ళకి కుడి అంచు సులువు. నాన్న ఏటా మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవాడు. నువ్వూ అలాగే చెయ్యి.

రెండోదానికి నన్నెందుకు అడుగుతావు? కర్ర ఇచ్చినాయన అదీ చెప్పే ఉంటాడు. చెప్పకపోతే జనం చెప్పినట్టు చెయ్యి. ఇప్పుడు నువ్వు జనం మనిషివి.

కాగితాలు పంపు, కుడతాను. ఆ పని నాకు బాగానే వచ్చు.

అక్క

*

పాల డిపో వెనక ఇల్లు,
ఆగస్టు 21

అక్కకు,

నీ మాటలు గుచ్చుకున్నా గుర్తు పెట్టడం మాత్రం నువ్వు చెప్పినట్టే చేస్తే వచ్చేసింది. థాంక్సు.

ఊపిరి సలపడం లేదు. జూలైలో పధ్నాలుగు, ఈ నెల ఇప్పటికే పదిహేను. వదలడానికి మంచి చోటు దొరికింది. ఊరవతల పాడుబడ్డ రాతిగుంట ఉంది చూడు, నాన్న మనల్ని దిగనిచ్చేవాడు కాదు, అక్కడ. వ్యానులో డబ్బా పెట్టుకుని పోయి అన్నిటినీ అక్కడే వదిలేస్తున్నాం. ఏ వీధి నుంచి పట్టినా అక్కడికే. జనానికి నిశ్చింత. రాతిగుంట వెనక కొత్తగా ఇళ్ళ వరస లేచింది గానీ మధ్యలో ముళ్ళకంప ఉంది, అటు పోవులే.

ఆ వరసలోనే రొట్టెల బట్టీ ఆవిడ ఉంటుంది. ఒంటరి మనిషి, బట్టీ ఆవిడే కాలుస్తుంది, రొట్టెలు ఆవిడే అమ్ముతుంది. ఒకసారి ఆవిడ పిండి గదిలోంచి నాగును తీశాను. అప్పటినుంచి నేను అటు వెళ్తే వేడి రొట్టె చేతిలో పెట్టకుండా పంపదు. "నీ చేతికి భయం తెలియదమ్మా" అంటుంది. నా చేతినక్కా. నవ్వకు.

అసలు సంగతి ఇది. మొన్న ఆ వరసలో పట్టిన రక్తపింజర పొట్ట మీద పాత గుర్తుంది. తొమ్మిదో పొలుసు, కుడి అంచు, చక్కగా మానిపోయి ఉంది. నాన్న గుర్తు. ఆయన చేత్తో పెట్టిన పాము ఇన్నాళ్ళు బతికి, తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. మీ మరిది డబ్బా మూత పట్టుకుని బిక్కమొహం వేశాడు. ఆ తర్వాత అలాంటివి ఇంకో రెండు దొరికాయి. నాన్న నన్ను చూసిపొమ్మని పంపుతున్నాడేమో అనిపిస్తుంది.

కొత్త కాగితాలు ఇందులో పెట్టాను.

నీ చెల్లెలు

*

బైండింగు షాపు,
ఆగస్టు 29

చిన్నదానికి,

కాగితాలు అందాయి. పాత వాటితో కలిపి కుడతాను. అట్టకి ఆకుపచ్చ గుడ్డ వేయనా, నల్లది వేయనా?

నాన్న పాములు నిన్ను వెతుక్కుంటూ రావడం బాగుంది. నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. ఇన్ని మెట్లు ఎక్కలేవేమో.

రొట్టె తిని రొట్టెల కబుర్లు రాయడం మానేసి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యి.

అక్క

*

బైండింగు షాపు,
సెప్టెంబరు 6

(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు)

చిన్నదానా,

ఇవాళ నీ కాగితాలు వరస పేర్చాను. కుట్టే ముందు వరస చూడాలి, అది మా వృత్తి. నీ పాములు వాటంతట అవే కథ చెప్పాయి.

నీకు దొరికినవి నాన్న పాములు కావే పిచ్చిదానా. నాన్న ఎడమచేతి మనిషి. ఆయన కత్తెర ఎప్పుడూ ఎడమ అంచునే పడేది. రెండేళ్ళు పక్కన నిలబడి చూసినదాన్ని నాకు తెలియదా. కుడి అంచు కత్తిరించినది నువ్వు. జూన్‌లో డిపో గోడ పక్కన పట్టిన తొమ్మిదో నంబరు రక్తపింజర ఆగస్టులో రాతిగుంట వెనక వరసలో తేలింది. పన్నెండూ అంతే. పదిహేడూ అంతే. 'వదిలిన చోటు' అన్న గడి నిండా రాతిగుంట, రాతిగుంట, రాతిగుంట. 'పట్టిన చోటు' అన్న గడిలో రానురాను ఆ కొత్త ఇళ్ళ వరస. ఊరందరి పాముల్నీ మోసుకెళ్ళి ఆ వరసకి పంచిపెడుతున్నావు.

నాన్న మాట ఒకటుంది. నువ్వు అడిగావు, నేను చెప్పలేదు. "కూతవేటు దాటించకు." పట్టిన చోట నిలబడి కేకేస్తే వినబడేంత దూరంలోనే, కాస్త కంప చూసి వదిలేయాలి. అక్కడ దానికి తన కలుగులు తెలుసు, తన ఎలుకలు తెలుసు, మనిషిని తప్పించుకునే దారులు తెలుసు. తెలియని చోట పడేస్తే దిక్కు తోచక కనబడిన గుమ్మమల్లా ఎక్కుతుంది.

ఇది తెలిసినప్పుడు నాకేమనిపించిందో కూడా రాస్తాను. కడుపు చల్లబడింది. నాన్న నిన్ను చూసిపొమ్మని ఎవర్నీ పంపలేదు. నీ తప్పే నీ దగ్గరికి తిరిగొస్తోంది, దాన్ని పట్టినందుకే ఊరు నీకు రొట్టెలు పెడుతోంది. రెండోసారి వచ్చిన ప్రతి నంబరు పక్కనా పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. కాసేపు చూసుకున్నాను. తర్వాత రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేశాను.

ఈ ఉత్తరం వేస్తే నువ్వు దిద్దుకుంటావు. దిద్దుకుంటే ఇంకా గొప్పదానివవుతావు. గోడ మీద ఇంకో ఫొటో.

రేపు వేస్తాను.

*

పాల డిపో వెనక ఇల్లు,
అక్టోబరు 12

అక్కకు,

నీ దగ్గర్నుంచి నెలన్నరగా ఉత్తరం లేదు. కోపమా?

నాకు భయమేస్తోంది. పాముల వల్ల కాదు, లెక్కకి అందకపోవడం వల్ల. ఊళ్ళో మిగతా వీధులు సద్దుమణిగాయి, రాతిగుంట వెనక వరసలో మాత్రం వారానికి ఐదారు. నీళ్ళ తొట్టి వెనక, చెప్పుల పెట్టెలో, ఉతికిన బట్టల కింద. మొన్న ఒకాయన స్కూటరు సీటెత్తితే నాగు పడగ విప్పింది. జనం మొహాలు మారిపోయాయి. "ఇంతకుముందు ఇన్ని లేవు, ఈవిడొచ్చాకే ఎక్కువయ్యాయి" అని ఒకావిడ నా ఎదుటే అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనెందుకు ఉలిక్కిపడ్డానో నాకే తెలియలేదు. రొట్టెలావిడ నా తరఫున ఆవిడతో పోట్లాడింది.

నాన్న గుర్తున్నవి కూడా ఎక్కువగానే దొరుకుతున్నాయి. మొదట్లో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు. ఎక్కడో ఏదో తప్పు చేస్తున్నానక్కా. నీ కళ్ళకి ఏమైనా తోస్తే చెప్పు. నువ్వు తిట్టినా సరే, చెప్పు.

కొత్త కాగితాలు పంపుతున్నాను.

నీ చెల్లెలు

*

బైండింగు షాపు,
అక్టోబరు 20

చిన్నదానికి,

కోపం లేదు. పరీక్షల కాలం, పుస్తకాల పని ఎక్కువైంది.

కొత్త ఇళ్ళు కదా, పునాదులు తవ్వితే కలుగులు కూలతాయి, పాములు బయటపడతాయి. ఎలుకలు ఉన్నచోట అవీ ఉంటాయి. పెరళ్ళు శుభ్రంగా ఉంచుకోమని చెప్పు. వదిలే చోటు అప్పుడప్పుడు మారుస్తూ ఉండు, ఎందుకైనా మంచిది. మరీ దూరం పోనక్కర్లేదేమో కూడా ఆలోచించు.

రిజిస్టరు కుట్టడం అయింది. అక్టోబరు కాగితాలు కూడా కలిపాను. నల్ల గుడ్డ వేశాను. పార్సిల్‌లో పంపుతున్నాను.

అక్క

*

పాల డిపో వెనక ఇల్లు,
నవంబరు 8

బైండింగు షాపు వారికి,

రొట్టెలావిడను పాము కరిచింది. పోయిన వారం, శుక్రవారం మధ్యాహ్నం. బట్టీలో వేయడానికి పెరట్లో కట్టె తీస్తుంటే కాలి మీద వేసింది. పక్కింటివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు. ఇంజెక్షన్లు మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. మూత్రం ఆగిపోయింది, నాలుగు రోజులు యంత్రం మీద పెట్టారు. ప్రాణం దక్కింది. పాదం సగం తీసేశారు.

ఆ రక్తపింజరను నేనే పట్టాను. కట్టెల కిందే ఉంది. తొమ్మిదో పొలుసు, కుడి అంచు. నాన్న పాము ఆవిడను కరిచిందని ఏడుస్తూ ఇంటికొచ్చాను. అప్పుడు మీరు పంపిన రిజిస్టరు మొదటిసారి మొదటినుంచి చూశాను. జూన్‌లో తొమ్మిదో నంబరు రక్తపింజర ఉంది. నా రాతే. రెండున్నర మైళ్ళ అవతల, మా డిపో గోడ పక్కన. కత్తిరించింది నేనే.

ఇంకొకటి కూడా చూశాను. వెలుతురుకెదురుగా పట్టుకుంటే కొన్ని నంబర్ల పక్కన కాగితం నూగు లేచి ఉంది. రబ్బరు పెట్టి రుద్దిన చోట అలా అవుతుంది. రుద్దినా గీత పడిన గాడి పోలేదు. మూడు టిక్కులు. అన్నీ ఒకే వాలుగా పక్కకి ఒరిగాయి, వేళ్ళు వంగని వాళ్ళు పెట్టినట్టు. రెండోసారి దొరికిన పాముల్లో ఆగస్టు దాకా ఒక్కదాన్నీ వదల్లేదు. కుట్టుపని చాలా బాగుంది. చూపు ఇంకా బాగుంది.

ఎప్పుడు పెట్టారు? ఎప్పుడు చెరిపారు? నేను 'చెప్పు' అని రాసిన ఉత్తరానికి ముందా, తర్వాతా? అదొక్కటే తెలియాలి.

*

బైండింగు షాపు,
నవంబరు 14

చెల్లీ,

ముందే. సెప్టెంబరు ఆరున. ఆ రోజు రాసిన ఉత్తరం ఇందులో పెడుతున్నాను. మడతలు చూస్తే తెలుస్తుంది, రోజూ సంచిలో వేసుకుని పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి తెచ్చేదాన్ని. నువ్వు 'చెప్పు' అని అడిగాక కూడా పామూ చావకుండా కర్రా విరగకుండా నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నాను. జూన్‌లో నువ్వు అడిగినప్పుడే రెండు మాటల్లో చెప్పాల్సింది. అప్పుడు పొగరు. సెప్టెంబరులో పొగరు కాదు, తెలిసి చేసిన పాపం.

ఎందుకంటావా. అసూయ. ఇంకో పేరు పెట్టను. నా వేళ్ళకి జరిగింది నాన్న తప్పు కాదు, నీ తప్పు కాదు, ఆ పాము తప్పు కూడా కాదు. కానీ కొంకి నీ చేతిలో చూసినప్పుడల్లా నా చెయ్యి పోయింది అప్పుడే అన్నట్టుండేది. నువ్వు ఓడిపోవాలనుకున్నాను. ఓడిపోవడమంటే చివరకు ఎవరో ఒకరి కాలు పోవడమని ఆలోచించలేదు. ఆలోచించలేదన్నది కూడా నిజం కాదేమో. ఆ వైపు చూడలేదు, అంతే.

ఆవిడ పేరు నాకు తెలియదు. ఆవిడ రొట్టె నేను తినలేదు. ఆవిడ పాదం మాత్రం నా లెక్కలో ఉంది.

గోడ మీద నీ ఫొటో తీసేద్దామనుకున్నాను. మైదా బాగా పట్టింది, రాలేదు. మా యజమాని చూసి, "ఉండనివ్వండి, ఎంత చక్కగా ఉందో" అన్నాడు. ఉంచాను.

నువ్వు ఏం రాసినా చదువుతాను. రాయకపోయినా అడగను.

అక్క

*

పాల డిపో వెనక ఇల్లు,
నవంబరు 27

అక్కకు,

పది రోజులు రాయకూడదనుకున్నాను. రాస్తే ఏం రాస్తానో తెలియక.

కొంకి నాకెందుకిచ్చాడో ఎన్నడూ అడగలేదు నువ్వు. అడిగి ఉంటే నేనూ దాచేదాన్ని, నేనేం తక్కువ తినలేదు. ఆ రోజు మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. "పెద్దదానికి ఇవ్వాలి, దాని చెయ్యే చెయ్యి" అన్నాడు. మరి దానికే ఇవ్వు అన్నాను. "దాన్ని ఇంకోసారి ఆసుపత్రి మంచం మీద చూడలేను. నువ్వు తీసుకో" అన్నాడు. అర్థమైందా? నిన్ను చూడలేడట. నన్నైతే చూడగలడన్నమాట. నువ్వు పోగొట్టుకున్న కర్ర నాకు దొరికిందనుకున్నావు గానీ నాకు దొరికింది ఆ మాట. ఆ రోజు నుంచి నీ మీద నా కడుపు మండుతూనే ఉంది. ప్రతి పాముకీ, చూడు నాన్నా నా చెయ్యి కూడా చెయ్యే అనుకునేదాన్ని. ఆ గుర్తుల్ని ఆయనవనుకోవడానికి ఎందుకంత తొందరపడ్డానో ఇప్పుడు తెలుస్తోంది.

రొట్టెలావిడను చూడ్డానికి వెళ్ళాను. "నీ తప్పేముందమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. చెప్పేశాను. పాములన్నీ నేనే తెచ్చి మీ వెనక వదిలానని. చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. నీ సంగతి చెప్పలేదు. నీ మీద జాలితో కాదు, అది నువ్వు చెప్పాల్సింది కాబట్టి.

ఇప్పుడు పని చూద్దాం. ఆ వరసలో తిరుగుతున్నవాటిలో దొరికినవన్నీ పట్టి, ఏది ఎక్కడిదో నీ రిజిస్టరులో చూసి, దాని చోటికి కూతవేటులో వదలాలి. ఆ వరసవాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. తిట్టారు, ఆఖరికి ఒప్పుకున్నారు. గొట్టం పట్టడానికి ఒకరు, పొలుసు లెక్కపెట్టడానికి ఒకరు కావాలి. మీ మరిదికి మూత పట్టడం తప్ప ఏమీ రాదు. రాతిగుంట రాళ్ళ సందుల్లో కొంకి తిప్పడం నాకు చేతకాదు. నీకు చేతనవునని నాన్న ఎన్నిసార్లన్నాడో లెక్క లేదు.

కుడివైపు వంపుతో ఇంకో కొంకి చేయించాను. అది నాకు. నాన్నది నువ్వు పట్టుకో. నీ ఎడమచెయ్యి బాగానే ఉంది కదా.

నిన్ను క్షమించానని కాదు. నువ్వొచ్చి నాకంటే చక్కగా పడితే నాకు మళ్ళీ కడుపు మండుతుందని కూడా తెలుసు. అయినా రా.

నీ చెల్లెలు

*

బైండింగు షాపు,
డిసెంబరు 2

చెల్లీ,

ఆదివారం పది గంటల బస్సు దిగుతాను. ముందు ఆసుపత్రికి వెళ్తాను, నువ్వు లోపలికి రావొద్దు, బయట ఉండు. ఆ తర్వాత రాతిగుంటకు.

ఈ నాలుగు రోజులుగా వంట గరిటె ఎడమచేత్తో తిప్పి చూస్తున్నాను. మీ బావ నవ్వుతున్నాడు. నవ్వనీ.

రిజిస్టరు దగ్గర పెట్టుకో. పెన్సిల్ నేను తెస్తాను. రబ్బరు తేను.

నీ అక్క